వెనకదారి

తడక అవతల ఆడవాళ్లు తప్పు పాడుతున్నారు. ఇవతల నేను నోట్లో తమలపాకు కుక్కుకుని కూర్చున్నాను. అసర్ నమాజు అయింది, పొద్దు గుంకే మగ్రిబ్ లోపల పిల్ల గడప దాటాలి, మధ్యన మిగిలిన ఈ కాస్త పొద్దులోనే పాట పూర్తి కావాలి. పూర్తి కాకపోతే కదలనని నూర్‌కైదా పొద్దున్నే చెప్పేసింది. నూర్‌కైదా నా మనవరాలు, ఇవాళ పెళ్లికూతురు. చెప్పిందంటే అంతే, వాళ్ల అవ్వ పోలిక. సగం పాటతో గడప దాటిన పిల్ల సగం దారిలోనే ఉండిపోతుందంట కదా తాతా, అంది. అంట ఏమిటి, మా గుల్‌తాజ్ అనేదే ఆ మాట. పాట కట్టింది గుల్‌తాజ్, నా భార్య. ఆమె లేదు. ఆమె పక్కన కూర్చుని వంత పాడినవాళ్లు కూడా లేరు, కొందరు ఊళ్లోనే కాలిపోయారు, కొందరు నీళ్లలో పోయారు, ఒకామె ఇక్కడికి వచ్చి కొండచరియ కింద పోయింది. ఇక ఆ పాట వరస తప్పకుండా తెలిసినవాడు ఈ కొండల మీద నేనొక్కణ్ణే. ఆడవాళ్ల పాట మగవాడికి తెలియకూడదు, తెలిసినా తెలియనట్టు ఉండాలి. కాని వెదురు గోడకు ఇవతల నులక మంచం మీద ఒక జీవితకాలం పడుకుని విన్నవాడికి తెలియకుండా ఎలా పోతుంది. ఇప్పుడు అవతల పాడిస్తున్నది సెనోవారా, గుల్‌తాజ్ చెల్లెలు. ఆమెకు రాగం తెలుసు, దారి తెలియదు. నాకు దారి తెలుసు. ఆమెతో నేను మాట్లాడను. నాఫ్ నది దాటి ఈ ఒడ్డుకు వచ్చిన నాటి నుంచి ఒక్క మాట కూడా ఆడలేదు.

ఒకటే గోడ మా రెండు గుడిసెలకూ. వెదురు తడక, దానిమీద ఒక టార్పాలిన్. క్యాంపులో గోడ కంటికే అడ్డం, చెవికి కాదు. ఆమె గంజి వార్చడం నాకు వినపడుతుంది, నా దగ్గు ఆమెకు వినపడుతుంది. పిల్లను పెంచింది ఆమె. ఆ సంగతి కాదనను. పిల్ల అటు పడుకునేది, ఇటు తినేది, రెండిళ్ల మధ్య మాటలు మోసేది. తాతను అడగవే గ్యాసు బండ తెచ్చుకున్నాడా లేదా. ఉందని చెప్పు ఆ మనిషికి. ఉంటే పొద్దున చల్లన్నం ఎందుకు తిన్నాడో అడుగు. నా నోరు నా ఇష్టమని చెప్పు. చెప్పక్కర్లేదులే, వినపడింది. వినపడితే మళ్లీ అడగడం దేనికో అడుగు. నూర్‌కైదా మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని, మీ ఇద్దరి గాడిదను నేనే దొరికానా, ఎవరో ఒకరు గడ్డి అయినా పెట్టండి, అనేది. రేపటి నుంచి ఆ గాడిద ఉండదు. మూడు కొండల అవతల బ్లాకుకు పోతుంది. పెళ్లికొడుకు ఎనాయత్ అని, వెదురు పని చేసే పిల్లాడు. పరవాలేదు. పెద్దగా మాట్లాడడు. మాట్లాడనివాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

గోరింటాకు వాసన వస్తోంది. చందనపు చెక్క అరగదీసిన వాసన. లూరీ రొట్టెలు కాలుతున్నాయి, బియ్యప్పిండి రొట్టె, కాగితమంత పలచన, గుల్‌తాజ్ చేస్తే అవతల దీపం కనపడేది. ఇక్కడ రేషను బియ్యం పిండి సాగదు, చిరుగుతుంది. చిరిగిన రొట్టె పెళ్లివాళ్లకు పెడతావా అని ఎవరో ముసలిది అరుస్తోంది, చిరిగిందే నోట్లో బాగా దూరుతుంది తిను అత్తా అని ఇంకెవరో అంటే అందరూ నవ్వారు. నవ్వు చల్లారక ముందే మళ్లీ అందుకున్నారు. అడుగెయ్యి బిడ్డా అడుగెయ్యి, పోకచెట్ల సందున అడుగెయ్యి. బాగుంది. ఇంతవరకు బాగుంది. అడుగెయ్యి బిడ్డా అడుగెయ్యి, మసీదు ముందర అడుగెయ్యి.

నా నోట్లో ఆకు ఆగిపోయింది.

మసీదు ముందర ఏమిటి. మా ఊరు సునాఫారాలో ఏ ఇంటి ఆడది మసీదు ముందర నుంచి నడిచింది. ఆ రోడ్డు మాది, మగవాళ్లది, ఎద్దుబండ్లది, తరవాత్తరవాత సైనికుల మోటారు సైకిళ్లది. ఆడవాళ్లకు వెనకదారి ఉండేది. పెరటి తలుపు తీస్తే మొదలు, పోకచెట్ల మధ్య నుంచి, ఇళ్ల వీపుల వెంబడి, ఒక్క మనిషి పట్టేంత దారి, ఊరి ఈ చివర నుంచి ఆ చివర వాగు రేవు దాకా. దాన్ని ఆడరేవు అనేవాళ్లు. మగవాడు ఏదైనా పనిపడి అటు పోవలసివస్తే ముందు గట్టిగా దగ్గాలి. దగ్గకుండా పోయిన ఒకణ్ణి ఆడవాళ్లు చీపుళ్లతో తరిమారు, వాడు నాకు చిన్నాన్న అవుతాడు, చచ్చేదాకా వాణ్ణి దగ్గు అనే పిలిచారు. ఊరు ఉన్నన్నాళ్లూ నేను పోలేదు. నాకు ముందు రోడ్డు చాలు, తమలపాకు తోట చాలు, ఆకు గంప నెత్తిన పెట్టుకుని సంతకు పోయే దారి చాలు. నా భార్య రోజూ ఎక్కడ నడిచేదో నాకు పాటలో తప్ప తెలియదు. ఇక్కడ పుట్టిన ఆడపిల్లలకు రెండు దారులు ఎక్కడివి, ఇసుక మూటల మెట్ల మీద ఆడా మగా మేకా అందరూ ఒకరినొకరు రాసుకుంటూ ఎక్కాల్సిందే, అందుకని ఊరంటే రోడ్డు, రోడ్డంటే మసీదు అనుకుని పెట్టేశారు. తెలియక పెట్టారు. తెలియకపోవడం తప్పు కాదని అంటారు. నేను అనను.

పైగా దాన్ని రికార్డు చేస్తున్నారు. జ్ఞాపకాల గది అని ఒకటి కట్టారు కింద, వెదురుతో, పెద్దగా. మన సంస్కృతి కాపాడుకోవాలి అని మీటింగు పెట్టి తలా ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చారు. నా ఆకు గంప లాంటిది ఒకటి అల్లి ఇమ్మంటే అల్లి ఇచ్చాను, అద్దాల పెట్టెలో పెట్టారు. ఆకు లేని గంప. అక్కడ పనిచేసే అమ్మాయి ఇవాళ ఫోను పట్టుకుని అవతల ఆడవాళ్ల మధ్య కూర్చుంది. మన పిల్లే, మంచిదే. మీరు పాడండి అవ్వా, తప్పొచ్చినా పరవాలేదు, వచ్చినంతే దాచుకుందాం, అని ఇందాక అనడం వినపడింది. పరవాలేదట. ఇవాళ పాడిందే రేపటికి పాట. మసీదు ముందర నడిచిన ఊరే రేపటికి మా ఊరు.

"నూర్‌కైదా" అన్నాను.

పాట ఆగింది. గాజులు గలగలమన్నాయి. పెళ్లికూతురు తడక దగ్గరకు వచ్చి కూర్చున్నట్టుంది, గోరింటాకు వాసన దగ్గరైంది.

"ఏంటి తాతా?"

"ఆ మనిషికి చెప్పు. ఆడది మసీదు ముందర నడవదు."

"చిన్నవ్వా, తాత అంటున్నాడు..."

"విన్నానులేవే" సెనోవారా గొంతు. ముసలిదైపోయింది గొంతు, అయినా కింద ఎక్కడో అక్క గొంతు ఉంది, వినకూడదనుకుంటాను, వినపడుతుంది. "మరి ఎక్కడ నడుస్తుందో కూడా చెప్పమను. నేను పద్నాలుగో ఏటనే పెళ్లయి పక్క ఊరు పోయినదాన్ని. ఆ దారి నాకు సగం మరపు. తప్పని చెప్పడానికి నోరుంటుంది గాని ఒప్పు చెప్పడానికి ఉండదా?"

"పెళ్లి పూట దెబ్బలాడకండి" అంది నూర్‌కైదా. "తాతా, చెప్పు. పోకచెట్ల తరవాత ఏంటి?"

గుల్‌తాజ్ అయితే పాటకు ముందు రోజు దారి నడిచి వచ్చేది. ఏ ఇంటి పిల్లకైనా సరే. పెళ్లికూతురి పెరట్లోంచి బయలుదేరి ఎక్కడ బురద ఉంది, ఎక్కడ కంచె జరిగింది, ఎక్కడ కొత్తగా కుక్క ఈనింది, అన్నీ చూసి వచ్చి ఆ రాత్రికి పాట సర్దేది. మా వాడలో పిల్లల్ని ఎక్కువమందిని వాగు అవతలే ఇచ్చేవాళ్లం గనుక రేవు దాకా ఒకటే పాట, రేవు దాటాక ఎవరి అత్తవారి ఊరు వాళ్లది, అది కొత్తగా కట్టేది. ఒక ఏడు వరదకు దారి కోసుకుపోయింది. పాత పేర్లే పాడు, మా అమ్మకు అట్లాగే పాడారు, అని పెళ్లివాళ్ల పెద్దామె ఎవరో పట్టుపట్టింది. ఈమె పాడనంది. కాళ్లు ఒక దారిన, చెవులు ఒక దారిన పోతే పిల్ల బోర్లా పడుతుంది, నువ్వు లేపుతావా, అంది. ఆ పెద్దామె అలిగి భోంచెయ్యకుండా పోయింది. పోతే పోనీ ఒక రొట్టె మిగిలింది అంది గుల్‌తాజ్. పాటలో అడుగు అబద్ధం పెట్టకూడదు. అదొక్కటే ఆమె చదువు. నూర్‌కైదాను ఒళ్లో పడుకోబెట్టుకుని, నీ పెళ్లికి రేవు తరవాత ఏం పెడతానో చూడవే, అనేది. ఏం పెట్టాలనుకుందో నాకు తెలియదు. అడగలేదు. బతికున్న మనిషిని అన్నీ ఎవరడుగుతారు.

పోకచెట్ల తరవాత ఏమిటంటే, కాలిన వాసన, వాన, నా వీపు మీద ఆమె బరువు. ఒక్కసారి నడిచాను ఆ దారి. ఒక్కటే సారి. తెల్లవారుతుండగా సైనికులు రోడ్డు వైపు నుంచి వచ్చారు, మసీదు వైపు నుంచి నిప్పు పెట్టుకుంటూ వచ్చారు, మా అబ్బాయి అయాస్ ముందు గుమ్మంలోనే పడిపోయాడు, వాడి భార్య అంతకు ముందే కాన్పులో పోయింది, ఆ పిల్ల అదృష్టవంతురాలు. ఒక గుండు గోడలోంచి వచ్చి గుల్‌తాజ్ తొడలో దిగింది. ఆ వారం మమ్మల్ని చూడడానికి వచ్చి ఉన్న సెనోవారా నూర్‌కైదా చెయ్యి పట్టుకుని పెరటి తలుపు తీసింది. అక్కా, ముందు నేను పోయి పడవ చూస్తాను, రేవులో ఆగుతాను, మీరు వచ్చేదాకా ఆగుతాను, అంది. ఆగుతాను అని రెండుసార్లు అంది. నేను గుల్‌తాజ్‌ను వీపు మీద వేసుకున్నాను. తలుపు దాటుతుంటే ఆమె నా చెవిలో, దగ్గు, అంది. నాకు అర్థం కాలేదు. ఆడవాళ్ల దారి, మగవాడివి, దగ్గి పో, అంది. నవ్విందో మూలిగిందో తెలియదు. దగ్గాను. ఊరు తగలబడుతుంటే దగ్గాను.

"గుడ్డి హాసన్ కుంట" అన్నాను. "పోకచెట్ల తరవాత కుంట. ఎడమ చేతికి కుంట ఉండాలి. అట్లా పెట్టమను."

అవతల గొంతు సవరించుకుని అందుకుంది. అడుగెయ్యి బిడ్డా అడుగెయ్యి, గుడ్డి హాసన్ కుంటను ఎడమకు పెట్టి అడుగెయ్యి. ఆడపిల్లలు చప్పట్లతో తిప్పి పాడారు. రాగం దానంతటది కాళ్లు చాపుకుంది.

"తరవాత, తాతా?"

"చెప్పులు దులిపే చోటు."

"అదేం చోటు?" ఎవరో పిల్ల నవ్వింది.

ఏం చోటో నాకూ తెలియదు అనుకున్నాను అన్నేళ్లూ. ఆ రోజు ఆమె చెప్పింది వీపు మీద నుంచి. ఇక్కడ కాళ్లు దులుపుకో, ఇక్కడి నుంచి ఇసక, బురద కాళ్లతో పోతే జారుతుంది. నిజంగానే అక్కడ నేల మారింది. ఎన్ని కాళ్లు దులిపి దులిపో అక్కడొక చిన్న దిబ్బ పెరిగింది, మోకాలంత, మట్టి అంతా మా ఊరి ఆడవాళ్ల కాళ్లది. నేను దులుపుకున్నాను. ఆమె మూలుగుతూ పాట అంటోంది, రాగం లేకుండా, ఉత్త పేర్లు, నాకు దారి చూపించడానికి. కళ్లు మూసుకునే చెబుతోంది. ఇప్పుడు బాతులమ్మ కంచె, కుడి భుజం తగలనీకు, ముళ్లు. కంచె ఉంది. బాతులమ్మ లేదు. బాతులున్నాయి, వాటికేం తెలుసు, పొద్దున తిండి కోసం మా వెంట పడి అరుస్తూ వచ్చాయి, ఆ అరుపుకు పట్టుబడిపోతామని నా ప్రాణం పోయింది. ఆమె బుజ్జగించింది వాటిని. వీపు మీద నుంచి, తొడలోంచి నా నడుం మీదికి వెచ్చగా కారుతూ ఉంటే, చైచై పోండమ్మా పోండి, అని.

"బాతులమ్మ కంచె" అన్నాను. "కుడి భుజం ముడుచుకోవాలి."

పాడారు. భుజం ముడిచి అడుగెయ్యి అని కలిపింది సెనోవారా. కలపడం వచ్చు ఆమెకు. వద్దన్నా అక్క చెల్లెలే కదా.

బయట మాఝీ దిల్ మహమ్మద్ గొడుగు కొట్టుకుంటూ వచ్చాడు. మా బ్లాకు పెద్ద. గుమ్మంలో నిలబడి, "షామా భాయ్, పెళ్లికొడుకువాళ్లు టీకొట్టు దగ్గర కూర్చుని మూడోసారి టీ తాగుతున్నారు. మసీదు హుజూర్ అడిగారు, ఆడవాళ్ల పాట ఇంకా ఎంతసేపని. గొంతులు కింది దాకా వినపడుతున్నాయంట" అన్నాడు.

"ఆయన్ని చెవిలో దూది పెట్టుకోమను."

"నేనంటే బాగుండదు."

"నేనన్నానని చెప్పు."

"నువ్వన్నావంటే నమ్ముతారులే" అని నిట్టూర్చి పోయాడు. మంచివాడే. ఊళ్లో ఉండగా వీడికి గేదెలుండేవి. ఇప్పుడు మనుషుల్ని తోలుతున్నాడు.

"తాతా, పొద్దు పోతోంది. కంచె తరవాత?"

"రెండు పాములు."

అవతల ఒకటే కేకలు. పెళ్లి పాటలో పాములేంటి, అపశకునం, అని ముసలిది. సెనోవారా మాత్రం నెమ్మదిగా, "వేళ్లు. చింత వేళ్లు రెండు దారికి అడ్డంగా ఉండేవి. చిన్నప్పుడు దాటేటప్పుడు అక్క నన్ను ఎత్తుకునేది. పాము కరుస్తుందే అని భయపెట్టి ఎత్తుకునేది" అంది. ఆ మాట పిల్లకు చెప్పిందో తడకకు చెప్పిందో. నేనూ దాటాను ఆ వేళ్లు. ఒకదాని మీద కాలు మెలికపడి మోకాళ్ల మీద పడ్డాను, ఆమె అరవలేదు, నా మెడ కొరికింది. పళ్ల గాటు పడింది. తరవాత చాలా రోజులు దాన్ని తడుముకుంటూ తిరిగాను. మానిపోయింది. మానకుండా ఉంటే బాగుండేది.

రెండు పాములు దాటి అడుగెయ్యి. నడుం వంచి మడ కింద అడుగెయ్యి. మడచెట్ల కింద దారి అంత కిందికి ఉండేది, ఆమెను వీపున పెట్టుకుని వంగలేక పాక్కుంటూ పోయాను, బురదలో, చేపపిల్లలు చేతుల కింద నుంచి ఎగురుతున్నాయి. అక్కడికి వచ్చేసరికి ఆమె పేర్లు చెప్పడం మానేసింది. చెప్పాల్సిన పేరు ఇంకొకటే ఉంది.

"ఆడరేవు" అన్నాను. "అంతే. నాకు తెలిసింది అంతే."

"అంతే ఎలా?" అంది నూర్‌కైదా. "రేవు తరవాత నా దారి ఉండాలి కదా. అవ్వ కడతానంది."

"అవ్వ లేదు."

"తెలుసు తాతా."

పిల్లకేం తెలుసు. పిల్లకు ఏం చెప్పానో అదే తెలుసు. ఈ ఒడ్డున వాళ్లిద్దరూ దొరికినప్పుడు, అవ్వేది అని పిల్ల అడిగినప్పుడు, దారిలో పడిపోయింది, రేవు దాకా రాలేదు, అన్నాను. సెనోవారా పక్కనే నిలబడి విన్నది. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ రోజు నోరు మూశాను ఆమె మీద. తెరిస్తే ఆమె ముందు వచ్చేది ఇదే మాట. వచ్చింది. మీ అక్క రేవు దాకా వచ్చింది. మడకొమ్మ పట్టుకుని ఒంటి కాలి మీద నిలబడింది. పోటు మీద పడవ అప్పుడే బారెడు దూరం పోయింది, వానలో, పడవ నిండా జనం, వాళ్ల మధ్య నీ వీపు గుర్తుపట్టాను, పచ్చ ముసుగు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు నువ్వు. కేక వెయ్యబోతే గుల్‌తాజ్ నా నోరు మూసింది. వెయ్యకు, పడవ తిప్పుకుంటారు, తిప్పుకుంటే అందరూ చస్తారు, అంది. కూర్చో అంటే కూర్చోలేదు. నీళ్లు తగ్గి బురద బయటపడ్డాక అప్పుడు కూర్చుంది. పడుకుంది. సెనోవారాకు చెప్పకు, అంది. దారిలోనే పోయానని చెప్పు. రేవు దాకా వచ్చానని చెప్పకు, అది బతకదు, అది బతక్కపోతే పిల్లను ఎవరు చూస్తారు. ఒట్టు వేయించుకుంది. పాటలో ఒక్క అడుగు అబద్ధం పెట్టని మనిషి, పోతూ పోతూ నా నోట్లో అబద్ధం పెట్టి పోయింది. పడవ నీళ్లు తోడే డిప్ప ఒకటి దొరికితే దాంతో తవ్వాను. ఆ మట్టిలో గుంట నిలవదు, తవ్వుతుంటే నిండుతుంది. మరుసటి పోటుకు అక్కడేం మిగిలిందో అల్లాకే తెలుసు. ఒట్టు మాత్రం మిగిలింది. మాట్లాడితే ఒట్టు పోతుంది గనుక మాట్లాడలేదు, మాట్లాడలేదు గనుక బతికింది ఆమె, పిల్లను పెంచింది, గోరింటాకు పెట్టింది. ఇంతమంది నన్ను మొండి ముసలోడు అంటారు. అననీ.

"రేవు తరవాత నాకు తెలుసు" అంది సెనోవారా. "నేను నడిచిందే. పట్టుకోండే."

పట్టుకుంది. నేను ఎప్పుడూ వినని పాట. అడుగెయ్యి బిడ్డా అడుగెయ్యి, ఊగే పడవలో అడుగెయ్యి. నాఫ్ నది నీళ్లలో అడుగెయ్యి. గొంతులో ముసలితనం పోయింది. తడక అవతల గుల్‌తాజ్ కూర్చుంది, ఊళ్లో, మా పెరటి గదిలో, దీపం తగ్గించి, ముంగాళ్ల మీద, ఎవరో పిల్ల జడ పట్టుకుని. నేను ఇవతల నులక మంచం మీద ఉన్నాను. లేచి తడక చింపితే కనపడుతుంది. చింపను. చింపితే సెనోవారా ఉంటుంది. నులక లేదు, ప్లాస్టిక్ చాప ఉంది, చాప కింద తేమ ఉంది.

అడుగెయ్యి బిడ్డా అడుగెయ్యి, వెనక్కి చూడక అడుగెయ్యి. అక్క వచ్చునని చూసితినే, అక్క రేవుకు రాలేదే.

ఆడపిల్లలు అందుకోబోయారు. రాలేదే. ఫోను పట్టుకున్న అమ్మాయి ఫోను పైకెత్తి ఉంటుంది. రేపు ఇంకో పెళ్లిలో ఇంకో పిల్ల, రాలేదే. దాని పిల్లలు, రాలేదే. ఒంటి కాలి మీద మడకొమ్మ పట్టుకుని నిలబడ్డ మనిషిని పాటలోంచి తుడిచేస్తున్నారు, నా కళ్ల ముందే, నా ఒట్టుతోనే తుడిచేస్తున్నారు. ఏ మాట వినాలి గుల్‌తాజ్. చెప్పకు అన్నావు. అడుగు అబద్ధం పెడితే పిల్ల బోర్లా పడుతుందన్నావు. రెండూ నువ్వే అన్నావు. పోయినదానివి, ఒక్క మాట మీద ఉండలేకపోయావా.

"వచ్చింది" అన్నాను.

ఆ మనిషికి చెప్పమని పిల్లతో అనలేదు. నేరుగా అన్నాను. తడకకు ముఖం ఆనించి ఉన్నాను, ఎప్పుడు ఆనించానో తెలియదు.

"వచ్చింది సెనోవారా. మీ అక్క రేవు దాకా వచ్చింది. అది పెట్టు."

పొయ్యి మీద రొట్టె మాడుతున్న వాసన. చంటిపిల్ల ఒకతె కుయ్‌మంది, ఎవరో రొమ్ము నోట్లో పెట్టారు. ఇప్పుడు పడిపోతుంది ఆమె, అనుకున్నాను. ఒట్టు తీసేశాను, ఇక బతకదు. అనుకుని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే చూడాలనే చూశాను.

"తెలుసు బావా" అంది సెనోవారా.

తడకకు చాలా దగ్గరగా ఉంది గొంతు. నా నుదుటికి అవతలే.

"చూశాను. చూశాకే వీపు తిప్పాను. నేను అటు చూస్తే పిల్ల చూస్తుంది. చూస్తే దూకుతుంది. పిల్ల తలను ముసుగులో కప్పి పెట్టాను, అవ్వ రాలేదే, రాలేదే, అని దానికి చెబుతూనే ఉన్నాను. అటు చేరేదాకా చెప్పాను. ఎప్పుడో ఒకప్పుడు నువ్వు నన్ను తిడతావని ఎదురుచూశాను. నువ్వు నోరే విప్పలేదు."

నూర్‌కైదా గాజులు ఒక్కసారి గలగలమని ఆగిపోయాయి. పిల్ల ఏడవలేదు. చిన్నవ్వ చెయ్యి పట్టుకుందో విదిలించుకుందో నాకు కనపడలేదు. నాకేమీ కనపడదు, మగవాణ్ణి, గోడకు ఇవతలవాణ్ణి.

చెప్పకు అన్నది ఒకతె. తెలిసీ అడగనిది ఒకతె. మధ్యన నేను, నోట్లో సున్నం పెట్టుకుని. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి నన్ను వాడుకున్నారు అనిపించింది. కోపం రావాలి. వెతికాను, ఎప్పుడూ ఉండే చోటే వెతికాను.

"ఎంతసేపు నిలబడింది బావా?" అంది సెనోవారా.

బయట కింద మసీదు మైకు గరగరమంది, ఇంకా బాంగు ఇవ్వలేదు, ఊదుతున్నారు.

"పోటు తిరిగేదాకా" అన్నాను.

ఆమె ముక్కు చీదుకుంది. గొంతు సవరించుకుంది. మొదటిసారి రాలేదు, గాలి వచ్చింది. రెండోసారి వచ్చింది. అడుగెయ్యి బిడ్డా అడుగెయ్యి, అవ్వ రేవుకు వచ్చెనే అడుగెయ్యి. మడకొమ్మ పట్టుకుని, ఒంటికాలి మీద, పోటు తిరిగేదాకా నిలబడెనే అడుగెయ్యి. మడకొమ్మ నేను చెప్పలేదు. ఒంటి కాలు చెప్పలేదు. అంత బాగా చూసిందన్నమాట.

పెళ్లికూతుర్ని లేపుతున్నారు. చీర రెపరెప, చెప్పులు వెతుకులాట, ఎవరో ముసుగు సర్దుతున్నారు, జాగ్రత్తే గోరింటాకు ఆరలేదు అని ఎవరో. పాట ఆగకుండా అందరి నోళ్లలోకీ పాకుతోంది, ఫోనులోకి పోతోంది, అక్కడి నుంచి జ్ఞాపకాల గదిలోకి పోతుంది, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో పోతుంది. ఎవరు ఎక్కడ ఏ పెళ్లిలో పాడినా సరే, పిల్ల పడవెక్కి, నది దాటి, మెట్లెక్కి, అత్తారింటికి చేరిపోతుంది. గుల్‌తాజ్ మాత్రం ఆ వానలో ఆ బురదలో నిలబడే ఉంటుంది, ప్రతి పెళ్లికీ, ఒక్క కాలి మీద. అది అప్పుడు తట్టింది నాకు. కూర్చోబెట్టు దాన్ని, సెనోవారా, ఇంకొక్క చరణం కట్టు, పోటు తిరిగింది, కూర్చుంది, పడుకుంది అని పెట్టు, అనబోయాను. తడక మీద కొట్టబోయాను.

అప్పటికే ఆడపిల్లలు అందుకున్నారు.